ఈ నెల మాట: వెళ్ళొస్తాను

ఈ నెల మాట మీ అందరికీ తెలిసిందే. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు మనం "వెళ్తున్నాను" అనం. పొరపాటున అంటే అమ్మమ్మో నాన్నమ్మో వెంటనే సరిదిద్దుతుంది. "వెళ్ళొస్తాను" అనాలి. కొన్ని ఇళ్ళలో "పోయొస్తా" అంటారు. వెళ్ళి, వస్తాను: రెండు క్రియలు కలిసి ఒక మాట అయ్యాయి. పోవడం ఎంత నిజమో తిరిగి రావడం కూడా అంతే నిజం అని గడప దగ్గరే ఇంటివాళ్ళకు మాట ఇస్తున్నాం.

ఈ నెల ఈ మాటనే ఎంచుకోవడానికి ఒక ఉత్తరం కారణం. రాసినావిడ కాలిఫోర్నియాలో ఉంటుంది, అమెరికా పౌరురాలు. ఆమె ముత్తాత కూడా మనలో చాలామంది ముత్తాతల్లాగే ఒప్పంద కూలీగా ఓడ ఎక్కినవాడు. భర్త వేరే దేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. పేర్లు, దేశం రాయవద్దని ఆమె కోరింది. రాయడం లేదు.

ఆమె తమ్ముడికి పెళ్ళి కుదిరింది. భర్త మూడు వారాల సెలవు పెట్టుకుని పర్యాటక వీసాకు అప్లికేషన్ పెట్టాడు. ఇంటర్వ్యూ మూడు నిమిషాల్లో అయిపోయింది. "మీ భార్య ఎక్కడ ఉంటారు?" అని అడిగారు. "అమెరికాలో" అన్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, పాస్‌పోర్టుతో పాటు ఒక అచ్చు కాగితం చేతికిచ్చారు. సెక్షన్ 214(బి) కింద నిరాకరించాం అని దాని మీద ఉంది. అల్లుడు లేకుండానే పెళ్ళి జరిగింది. ఆవిడ ఇలా అడిగింది: "మా పెళ్ళి నిజం కాదని వాళ్ళు అనుకుంటున్నారా?"

చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇది. మీలో కొందరికి ఈ కష్టం ఇప్పటికే వచ్చి ఉంటుంది, కొందరికి ముందు ముందు రావచ్చు. అందుకే ఈసారి వ్యాకరణం కొంచెం తగ్గించి ఈ సంగతి వివరంగా చెప్పుకుందాం.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. అమెరికా వలస చట్టం 1952 నాటిది. అందులోని 214(బి) సెక్షన్ ప్రకారం, తాత్కాలిక వీసా అడిగే ప్రతి మనిషీ ఇక్కడే స్థిరపడడానికి వస్తున్నాడని అధికారి ముందుగా అనుకోవాలి. హెచ్-1బి వంటి కొన్ని వీసాలకు మాత్రం ఈ నియమం వర్తించదు. అది తప్పని చూపించే బాధ్యత అడిగినవాడిదే. దీన్ని మన భాషలో రుజువు భారం అంటాం. భారం అంటే బరువు. రుజువు చేయాల్సిన బరువు ఎవరి నెత్తిన ఉందో చెప్పే మాట అది. మామూలు కోర్టులో నేరం మోపినవాళ్ళు రుజువు చేయాలి. వీసా కిటికీ దగ్గర ఆ బరువు మీ భర్త నెత్తినో భార్య నెత్తినో ఉంటుంది.

పర్యాటక వీసాకు ఇంకో షరతు కూడా ఉంది. వచ్చే మనిషికి వేరే దేశంలో ఒక నివాసం ఉండాలి, దాన్ని వదిలేసే ఉద్దేశం ఉండకూడదు. ఉద్దేశం అంటే మనసులో అనుకున్నది. అది కంటికి కనబడదు. అధికారి చూడగలిగేది మనిషి చుట్టూ ఉన్న జీవితాన్నే. ఉద్యోగం, ఇల్లు, పొలం, తల్లిదండ్రులు, పిల్లలు, భార్య, భర్త: వీటిని బట్టి మనసులో ఏముందో అంచనా వేస్తాడు.

ఇక్కడే చిక్కు వస్తోంది. మనిషిని ఒక చోటికి లాగే బంధాలన్నింటిలో గట్టిది పెళ్ళి. ఆ బంధం అవతలి కొస అమెరికాలో ఉంది. పెళ్ళి ఎంత నిజమైతే, ఇక్కడే ఉండిపోతాడన్న అనుమానం అంత బలపడుతుంది. కాబట్టి ఉత్తరం రాసినావిడకు నా జవాబు ఇది: అమ్మా, ఆ అధికారి మీ పెళ్ళిని అనుమానించలేదు. నిజమని నమ్మాడు. నమ్మాడు కాబట్టే కాదన్నాడు. ఈ మాట మీకు ఓదార్పు కాదని తెలుసు. అయినా ఆ కాగితాన్ని మీ కాపురం మీద ఇచ్చిన తీర్పుగా చదువుకోకండి.

ఆ భర్త ఇంగ్లండ్ పౌరుడై ఉంటే ఈ కిటికీ దగ్గరికే వెళ్ళనక్కర్లేదు. నలభైకి పైగా దేశాల పౌరులు అమెరికాకు 90 రోజుల వరకు వీసా లేకుండా రావచ్చు. వాళ్ళు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద అనుమతి తీసుకుంటారు. వాళ్ళను కూడా విమానాశ్రయంలో ప్రశ్నించి వెనక్కి పంపవచ్చు, కానీ మొదటి గేటు మాత్రం తెరిచే ఉంటుంది. మన ముత్తాతలు ఓడ దిగిన దేశాలను ఆ జాబితాలో వెతకండి. ఫిజీ లేదు. మారిషస్ లేదు. దక్షిణాఫ్రికా లేదు. మలేషియా లేదు. వాళ్ళు ఓడ ఎక్కిన దేశం, ఇండియా కూడా లేదు. అందుకే ఈ కష్టం మన ఇళ్ళకు ఎక్కువగా వస్తుంది.

పెళ్ళి, సరిహద్దు ఇలా ఢీకొనడం మనవాళ్ళకు కొత్త కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నాటాల్‌కు ఒప్పంద కూలీలను తెచ్చిన మొదటి ఓడ అది. తర్వాత వచ్చిన ఓడల్లో తెలుగువాళ్ళు వేల సంఖ్యలో వెళ్ళారు. యాభై ఏళ్ళు గడిచాక, 1913 మార్చి 14న కేప్‌టౌన్ ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. బాయి మరియం అనే ఆమె భర్త దగ్గరికి వస్తే అధికారులు ఓడ దిగనివ్వలేదు. ఒకరి కంటే ఎక్కువ మంది భార్యలను అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన పెళ్ళి ఈ దేశ చట్టం ముందు చెల్లదని తీర్పు వచ్చింది. ఆ మాటతో ఆ దేశంలోని హిందూ, ముస్లిం భార్యలందరి స్థానం ప్రశ్నలో పడింది. ఆ ఏడాది సత్యాగ్రహంలో ఆడవాళ్ళు కూడా జైలుకు వెళ్ళారు. కస్తూర్బా మూడు నెలలు జైల్లో ఉంది. 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది. ఒకే భార్య ఉన్న పెళ్ళిళ్ళను అది గుర్తించింది. ఒప్పందం ముగిసిన కూలీల మీద వేసిన మూడు పౌన్ల పన్నును కూడా తీసేసింది.

ఆనాడు కిటికీ వెనక మనిషి, "నువ్వు భార్యవే కాదు, కాబట్టి రావద్దు" అన్నాడు. ఈనాడు కిటికీ వెనక మనిషి, "నువ్వు భార్యవే, కాబట్టి రావద్దు" అంటున్నాడు. కారణం తలకిందులైంది కానీ ఇంట్లో ఖాళీగా ఉండే పీట అదే.

"కోర్టుకు వెళ్ళలేమా?" అని మీరు అడగవచ్చు. వీసా అధికారి నిర్ణయాన్ని అమెరికా కోర్టులు దాదాపుగా తిరగదోడవు. పైకి చూస్తే చట్టానికి లోబడి, నిజాయితీగా చెప్పిన కారణం ఒకటి ఉంటే చాలు, కోర్టు దాని వెనక ఏముందో వెతకదని సుప్రీంకోర్టు 1972లో క్లీన్‌డీన్స్ట్ వర్సెస్ మాండెల్ కేసులో చెప్పింది. 2024 జూన్ 21న మున్యోస్ కేసులో ఇంకా ముందుకు వెళ్ళింది. సాండ్రా మున్యోస్ అమెరికా పౌరురాలు, ఆమె భర్తది ఎల్ సాల్వడార్. ఆయన అడిగింది పర్యాటక వీసా కాదు, ఇక్కడ స్థిరపడే వీసా. అయినా ఆమె ఓడిపోయింది. 6–3తో తీర్పు ప్రభుత్వం వైపు వచ్చింది. విదేశీ భర్తను దేశంలోకి రానివ్వమని కోరే ప్రాథమిక హక్కు పౌరులకు రాజ్యాంగం ఇవ్వలేదని అందులో చెప్పారు.

214(బి) నిరాకరణ మీద అప్పీలు కూడా లేదు. మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు రాస్తే వాళ్ళు వివరం కనుక్కోగలరు. నిర్ణయాన్ని మార్చలేరు. అయితే ఈ నిరాకరణ శాశ్వతం కాదు. మళ్ళీ అప్లికేషన్ పెట్టవచ్చు, ప్రతిసారీ ఫీజు మళ్ళీ కట్టాలి. ఆ ఫీజు 2023 జూన్‌లో 160 నుంచి 185 డాలర్లకు పెరిగింది. వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు. పరిస్థితి ఏమీ మారకుండా వచ్చే వారమే మళ్ళీ వెళ్తే జవాబు కూడా మారకపోవచ్చు.

మరి ఏం చేయాలి? ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక ప్రశ్నకు నిజం చెప్పుకోండి. మన మాటల్లోనే అడుగుతాను: వెళ్ళొద్దామనుకుంటున్నారా? వెళ్ళి ఉండిపోదామనుకుంటున్నారా?

ఉండిపోదామనుకుంటే పర్యాటక వీసా మీ గుమ్మం కాదు. పౌరురాలైన భార్య, లేదా పౌరుడైన భర్త, ఐ-130 అనే దరఖాస్తు వేయాలి. పౌరుల జీవిత భాగస్వాములకు ఏడాదికి ఇన్నే వీసాలు అన్న పరిమితి లేదు. అన్నదమ్ములకు ఉన్నట్టు ఏళ్ళ తరబడి వరస కూడా లేదు. అయినా కాగితాలు కదలడానికి చాలా నెలలు పడుతుంది, తరచు ఏడాది దాటుతుంది. ఈ ఎడబాటు తగ్గించాలనే 2000 డిసెంబరులో చేసిన చట్టంతో కె-3 అనే వీసా వచ్చింది. ఐ-130 తేలేలోగా భర్తో భార్యో వచ్చి ఇక్కడే ఎదురుచూడాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో రెండు కాగితాలూ ఇంచుమించు ఒకేసారి తేలుతున్నాయి. అందుకే ఈరోజు ఆ వీసా దాదాపుగా ఎవరికీ అందడం లేదు.

వెళ్ళొద్దామనే అనుకుంటే ఆ గుమ్మం మూసి లేదు. పౌరుల భార్యకు, భర్తకు పర్యాటక వీసా ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. కొద్ది రోజుల ప్రయాణమే అని అధికారికి నమ్మకం కలిగితే ఇవ్వవచ్చు, ఇస్తున్నారు కూడా. దంపతులిద్దరూ విదేశంలోనే కాపురం ఉంటూ, కలిసి అమెరికా వచ్చి వెళ్ళేవాళ్ళయితే చాలా సులువు. అప్పుడు బంధం రెండు కొసలూ అక్కడే ఉంటాయి. మన ఉత్తరం రాసినావిడ పరిస్థితి అది కాదు. ఆమె ఇక్కడ, ఆయన అక్కడ. అలాంటప్పుడు ఆయన జీవితం ఎక్కడ పాతుకుని ఉందో ఆయనే చూపించాలి. ఎన్నాళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు, సెలవు ఎన్ని రోజులు ఇచ్చారు, ఇల్లు ఎవరి పేరున ఉంది, ఎవరిని చూసుకోవాలి, ఇంతకుముందు వేరే దేశాలు వెళ్ళి సమయానికి తిరిగి వచ్చాడా: ఇవి పనికొస్తాయి. మీరు ఇక్కడినుంచి రాసే ఆహ్వాన పత్రం బరువు తక్కువ. మీ జీతం కాగితాలు కూడా అంతే. వీసా అడుగుతున్నది ఆయన, తిరిగి వెళ్ళాల్సింది ఆయన.

ఇంటర్వ్యూలో కాగితాలు చూడకపోవచ్చు. ఆ రెండు మూడు నిమిషాల్లో నోటి మాటే ముఖ్యం. "మీ భార్య అక్కడ ఉన్నారు కదా, మీరెందుకు తిరిగి వస్తారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుందనుకోండి. దానికి తడుముకోకుండా నిజమైన జవాబు ఉండాలి. "బావమరిది పెళ్ళి. ఇరవై రోజుల సెలవు. ఆ తర్వాత డ్యూటీలో చేరాలి. గ్రీన్ కార్డుకు దరఖాస్తు వేశాం. అది వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను." ఇలాంటి నాలుగు చిన్న వాక్యాలు చాలు. అవి నిజమైతేనే చెప్పండి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. పెళ్ళిని దాచకండి. "పెళ్ళి కాలేదని రాస్తే పని అయిపోతుంది" అని సలహా ఇచ్చే బంధువులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఇలాంటి పని డబ్బు తీసుకుని చేసిపెట్టే ఏజెంట్లూ ఉంటారు. వీసా ఫారంలో పెళ్ళి గురించి అడుగుతారు. అమెరికాలో భార్య గానీ భర్త గానీ ఉన్నారా, మీ తరఫున ఎవరైనా వలస దరఖాస్తు వేశారా, ఇంతకుముందు వీసా నిరాకరించారా అని కూడా అడుగుతారు. వాటిలో కావాలని అబద్ధం రాసి దొరికితే, అది వేరే సెక్షన్ కిందకు వస్తుంది. దాని శిక్షకు గడువు లేదు, జీవితాంతం ఉంటుంది. రేపు మీరు ఐ-130 వేసినప్పుడు అదే అబద్ధం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పౌరురాలైన భార్య తనకు తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపించి మినహాయింపు కోరవచ్చు. అది దొరుకుతుందన్న హామీ లేదు. 214(బి) తలుపు ఈరోజుకు మూసుకుంటుంది, రేపు తెరుచుకోవచ్చు. అబద్ధం మూసే తలుపు అలాంటిది కాదు.

ఉండిపోదామని ముందే అనుకుని పర్యాటక వీసా మీద దిగడం కూడా ఇలాంటిదే. వీసా చేతిలో ఉన్నా విమానాశ్రయంలో ఇంకో అధికారి ఉంటాడు. సంచులు చూడవచ్చు, ప్రశ్నించి వెనక్కి పంపవచ్చు. మీ కేసు చిక్కుగా ఉంటే, ఏ అడుగైనా వేసే ముందు వలస చట్టం తెలిసిన లైసెన్సు ఉన్న లాయరును అడగండి. నేను భాష పంతులు లాంటివాణ్ణి, లాయరును కాను.

ఇంత చెప్పాక, అధికారి అనుమానం గురించి ఒక మాట. అది నాకు నచ్చదు. కానీ పూర్తిగా కొట్టిపారేయలేను. ఎందుకంటే మన కుటుంబాలే దానికి సాక్ష్యం.

ఫిజీ ఒప్పందం చూడండి. అయిదేళ్ళు పని. అయిదేళ్ళు పూర్తయ్యాక సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు. పదేళ్ళు ఉంటే ఓడ ఖర్చు ప్రభుత్వానిది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి వెళ్ళాయి, మనవాళ్ళు ఆ ఓడలెక్కారు. 1879 నుంచి 1916 వరకు ఆ దేశానికి అరవై వేలకు పైగా కూలీలు చేరారు. వాళ్ళలో ఎక్కువమంది తిరిగి రాలేదు. రేవులో వాళ్ళు అబద్ధం చెప్పారా? చాలామంది "వెళ్ళొస్తాను" అనే ఉంటారు. అన్నరోజు అది నిజమే. తర్వాత పిల్లలు పుట్టారు, చెరకు తోట పక్కన కాస్త భూమి దొరికింది, ఊళ్ళో అమ్మానాన్నలు పోయారు. అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. మనం ఈ భాష ఇప్పుడు పుస్తకాలు పెట్టుకుని నేర్చుకోవడానికి కారణం ఆ తిరిగి రాకపోవడమే.

ఉద్దేశం మారుతుందని మనకు తెలుసు, అధికారికీ తెలుసు. కానీ మారవచ్చు అన్న భయంతో, తిరిగి వెళ్ళే లక్షణాలన్నీ ఉన్న మనిషిని కూడా మూడు నిమిషాల్లో కాదనడం న్యాయం అనిపించుకోదు. వచ్చి సమయానికి వెళ్ళిపోయినవాళ్ళ గురించి ఏ ఇంట్లోనూ కథలు చెప్పుకోరు, ఎందుకంటే అక్కడ చెప్పడానికి ఏమీ జరగలేదు.

ఉత్తరం రాసినావిడకు చివరి మాట. మీవారి పరిస్థితిలో ఏదైనా మారినప్పుడు మళ్ళీ అడగండి. ఈలోగా ఐ-130 వేయాలా వద్దా అన్నది ఇద్దరూ తేల్చుకోండి. మీ పాస్‌పోర్టుకు దారి సులువు. వీలైనప్పుడు మీరే వెళ్ళి రండి. పెళ్ళి ఫోటోల్లో ఆయన లేరని బాధపడుతున్నారు. అక్షింతలు వేసిన చేతుల్లో ఆయన చెయ్యి లేదు, నిజమే. ఆ లోటు ఈ పేజీ తీర్చలేదు.

ఎప్పటిలాగే ఇంటి పని. ఈ మూడు వాక్యాలు పైకి చదవండి, తేడా గమనించండి.

"పెళ్ళికి వెళ్ళాలని ఉంది." ఇది కోరిక.

"పెళ్ళికి వెళ్దామనుకుంటున్నాను." ఇది ఉద్దేశం.

"పెళ్ళికి వెళ్ళొస్తాను." ఇది మాట ఇవ్వడం.

ఇప్పుడు మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళకు ఫోన్ చేసి ఒకటి అడగండి: మన ఇంట్లో ఓడ ఎక్కినవాళ్ళు తిరిగి వెళ్దామనుకున్నారా? ఎందుకు వెళ్ళలేదు? వాళ్ళు చెప్పింది అయిదు వాక్యాల్లో తెలుగులో రాసి పంపండి. తప్పులుంటే నేను దిద్దుతాను.

వెళ్ళొస్తాను.